బంగారం, బాండ్లు మాత్రమే ఉన్నవాడికి ఆర్థిక సంక్షోభం వల్ల నష్టం ఉండదా?

పెన్న గట్టు (కడప)

జూనియర్ కళాశాలలో లెక్చరరుగా పనిచేసి రిటైరైనవాడిని. రిటైర్మెంటు సమయంలో చేతికందిన డబ్బును షేర్ల జోలికి పోకుండా రెండే చోట్ల పెట్టాను. 2020 ఆగస్టులో గ్రాము 5,334 రూపాయల లెక్కన సావరిన్ గోల్డ్ బాండ్లు (బంగారం ధరను బట్టి డబ్బు తిరిగిచ్చే ప్రభుత్వ పత్రాలు) 100 గ్రాములు, ఆ తర్వాత కొంత గోల్డ్ ఈటీఎఫ్ (షేర్ల బజారులో కొని అమ్ముకోగల బంగారు ఫండు), అన్నీ కలిపి బంగారానికి 10 లక్షలు పెట్టాను. మిగిలిన 20 లక్షల చిల్లరలో సగం రిజర్వ్ బ్యాంకు రిటైల్ డైరెక్ట్ ఖాతా ద్వారా దీర్ఘకాల ప్రభుత్వ బాండ్లలోనూ, సగం పదిన్నర శాతం వడ్డీ ఇస్తున్న ఒక ఫైనాన్స్ కంపెనీ అప్పు పత్రాల్లో, అంటే డిబెంచర్లలోనూ ఉంది. ఇంట్లోని నగలను ఈ లెక్కలో కలపలేదు.

బెంగళూరులో ఉద్యోగం చేసుకునే మా అబ్బాయి మొన్న పండక్కి వచ్చి, "నాన్నా, 2008 లాంటిది మళ్లీ వచ్చి ఈ రెండూ ఒకేసారి పడితే ఏం చేస్తావు?" అని అడిగాడు. షేర్లే లేనివాడిని సంక్షోభం ఏం చేస్తుందని నేను ఎదురు అడిగాను. నా వాదన తప్పనుకునేవారు కారణాలతో సహా రాయవలసిందిగా మనవి.

బురుజు నీడ (కర్నూలు)

మాస్టారూ, ప్రభుత్వ రంగ బ్యాంకులో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాడిగా మీ వాదనలో సగం ఒప్పుకుంటాను. రెండో సగంలో మీకు తెలియకుండానే మీరు పెద్ద ప్రమాదంలో ఉన్నారు.

ముందు 2008 సంగతి చూద్దాం. ఆ ఏడాది మార్చిలో ఔన్సు 1,000 డాలర్లు దాటిన బంగారం, సెప్టెంబరు 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా తీశాక, అక్టోబరు, నవంబరు నెలల్లో 700 డాలర్ల దాకా దిగింది. బంగారం మీద నమ్మకం పోయి జనం అమ్మలేదు. అప్పు తెచ్చి షేర్లు, ఇళ్ల రుణ పత్రాలు కొన్న పెద్ద ఫండ్లను అప్పిచ్చినవాళ్లు డబ్బు కట్టమని ఒత్తిడి చేసినప్పుడు, కొనేవాడు లేని పత్రాలను ఎవరూ అమ్మలేరు కాబట్టి, వెంటనే నగదుగా మారే బంగారాన్నే తెగనమ్మారు. 2020 మార్చిలోనూ కొన్ని రోజులపాటు ఇదే జరిగింది. సంక్షోభం తొలి వారాల్లో బంగారం కూడా పడుతుందన్నది మీరు రాసిపెట్టుకోవలసిన మొదటి విషయం.

అయితే 2008లో మన దేశంలో బంగారం కొన్నవాడికి ఆ దెబ్బ పెద్దగా తగల్లేదు. డాలరు ఆ ఏడాదిలోనే 40 రూపాయల నుంచి 50 దగ్గరకు చేరడంతో, అక్కడ తగ్గిన ధరను ఇక్కడ రూపాయి పతనం పూడ్చింది. అదే సమయంలో రిజర్వ్ బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని) 9 శాతం నుంచి 2009 ఏప్రిల్ నాటికి 4.75 శాతానికి తగ్గించడంతో, ఎక్కువ వడ్డీ ఇచ్చే పాత ప్రభుత్వ బాండ్ల ధరలు బాగా పెరిగాయి. కాబట్టి 2008 విషయంలో మీ అబ్బాయి భయం అంతగా నిలవదు.

2013 సంగతి వేరు. అమెరికా ఫెడరల్ రిజర్వ్ బాండ్ల కొనుగోలు తగ్గిస్తానని సూచించగానే మే నెలలో 55 దగ్గర ఉన్న డాలరు ఆగస్టు చివరికి 68 దాటింది. మన పదేళ్ల ప్రభుత్వ బాండుపై రాబడి కూడా ఏడు శాతం చిల్లర నుంచి తొమ్మిది పైకి వెళ్లింది. వడ్డీ ఒక శాతం పెరిగితే పదేళ్ల బాండు ధర సుమారు 7 శాతం తగ్గుతుంది. అంటే దాదాపు రెండు శాతం పెరుగుదలకు లక్ష రూపాయల బాండు మూడు నెలల్లో 86, 87 వేలకు దిగివచ్చింది. ప్రభుత్వం వడ్డీ ఎగ్గొట్టలేదు, అసలూ ఎగ్గొట్టలేదు. కానీ ఆ ఆగస్టులో డబ్బు అవసరమై అమ్ముకున్నవాడికి 13 వేలు పోయినట్టే. ఇక్కడ కూడా రూపాయి పడిపోవడం వల్ల మన బంగారం ధర పెరిగి ఆ నష్టాన్ని కొంత సర్దింది.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఏమిటంటే, మనం బంగారం పేరుతో కొంటున్నదాంట్లో ఒక పెద్ద భాగం నిజానికి డాలరే. రూపాయి బలహీనపడే సంక్షోభాల్లో అది మిమ్మల్ని కాపాడుతుంది. రూపాయి నిలకడగా ఉండి, వడ్డీలు పెరుగుతూ, ప్రపంచ ధర తగ్గే రోజు వస్తే మీ రెండు పెట్టుబడులూ కలిసే దిగుతాయి.

ఇక నన్ను నిజంగా భయపెట్టింది మీ డిబెంచర్లు. 2020 మార్చిలో యస్ బ్యాంకును గట్టెక్కించే క్రమంలో 8,415 కోట్ల ఏటీ1 బాండ్లను (బ్యాంకు మునిగే స్థితి వస్తే రద్దు చేయవచ్చన్న షరతుతో అమ్మినవి) పూర్తిగా రద్దు చేశారు. షేర్లు ఉన్నవాళ్లకు ఏదో ఒక విలువ మిగిలింది, ఆ బాండ్లు ఉన్నవాళ్లకు మాత్రం ఏమీ మిగలలేదు. మరుసటి నెల 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే మ్యూచువల్ ఫండ్ సంస్థ ఆరు డెట్ ఫండ్లను (అప్పు పత్రాల్లో డబ్బు పెట్టే ఫండ్లను) ఒకేసారి మూసివేసింది. వాటిలో పాతిక వేల కోట్లకు పైగా ఇరుక్కుంది. అందులో డబ్బు పెట్టినవాళ్లు కూడా "మేము షేర్ల జోలికి పోలేదు" అన్నవాళ్లే. పది లక్షలు ఒకే కంపెనీలో పెట్టినవాడు తన దగ్గర "బాండ్లు" ఉన్నాయని చెప్పుకోవడం సరికాదు. ఆయన ఒకే మనిషికి పెద్ద అప్పు ఇచ్చాడు, అంతే.

తూకం లెక్కలు (ప్రొద్దుటూరు)

నేను మా ఊరి బంగారు అంగళ్లలో ఒకదాంట్లో లెక్కలు రాస్తాను. లెక్చరర్ గారు ఇంటి నగలను లెక్కలో కలపలేదని చదివి సంతోషించాను. చాలామంది కలుపుతారు, ఆపదలో మోసపోతారు.

పోయిన నెలలో ఒకావిడ 24 గ్రాముల పాత హారం తెచ్చింది. రాళ్లు, లక్క తీసేసరికి 21.4 గ్రాములు తేలింది. హాల్‌మార్క్ రాకముందు చేయించిన నగ కావడంతో మిషన్‌లో 84 శాతమే చూపింది. అంటే మేలిమి 18 గ్రాములకు కొంచెం తక్కువ. చేయించిన రోజున ఆమె తరుగు, మజూరీ సైతం కలిపి కట్టిన డబ్బు ఎక్కడికి పోయిందో మళ్లీ చెప్పనక్కర్లేదు. పసుపు రంగు కవరులో ఉన్న పాత రసీదును ఆమె రెండుసార్లు విప్పి చూసుకుంది.

కర్నూలు సార్ ఫండ్ల గురించి, డాలరు గురించి రాశారు. బంగారానికి ఢిల్లీ నుంచి వచ్చే దెబ్బను ఆయన వదిలేశారు. 2024 జులై 23 బడ్జెట్‌లో దిగుమతి సుంకాన్ని 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించిన కొద్ది రోజుల్లోనే తులానికి (పది గ్రాములకు) నాలుగు వేలకు పైగా తగ్గింది. అంతకుముందు వారం పెళ్లికని కొన్నవాళ్లు అంగడికొచ్చి మాతో గొడవ పెట్టుకున్నారు. ప్రపంచంలో ఏ సంక్షోభమూ లేదు, ఎవరూ దివాలా తీయలేదు. ఇంకా వెనక్కి వెళితే 1968 నాటి బంగారం నియంత్రణ చట్టం 1990లో రద్దయ్యే దాకా మామూలు మనిషి బిస్కెట్టు రూపంలో బంగారం దాచుకోవడమే నేరం. బంగారానికి ప్రభుత్వంతో పనిలేదనుకునేవాళ్లు ఈ రెండూ గుర్తుపెట్టుకోవాలి.

మరో మాట కూడా రాయాలి. 2020 లాక్‌డౌన్‌లో బంగారం ధర పెరుగుతూనే ఉంది, మా బజారులో షట్టర్లు మాత్రం దించి ఉన్నాయి. బీరువాలో నగ ఉన్నవాడికి ధర కనిపించింది, డబ్బు కనిపించలేదు. ఈటీఎఫ్ ఉన్నవాడు ఇంట్లో కూర్చుని అమ్ముకోగలిగాడు.

చిత్రావతి (అనంతపురం)

ముగ్గురూ అమ్మడం గురించే రాస్తున్నారు. మా జిల్లాలో బంగారాన్ని ఎవరూ ముందు అమ్మరు, కుదువ పెడతారు. మాకు సంక్షోభమంటే లేమన్ కాదు. జూన్‌లో వేరుశనగ విత్తి, ఆగస్టులో వాన మొహం చాటేయడమే. మా అమ్మ గాజులు బ్యాంకు లాకరులో ఎన్నిసార్లు ఉన్నాయో, మళ్లీ ఆమె చేతికి ఎన్నిసార్లు వచ్చాయో మాకు లెక్క లేదు. ధర తగ్గిన రోజు కుదువ పెట్టినా, పెరిగిన రోజు విడిపించినా బరువు బరువే.

దేశమూ అదే చేసింది. 1991లో విదేశీ మారకద్రవ్యం కొన్ని వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితిలో ప్రభుత్వం మే నెలలో 20 టన్నుల బంగారాన్ని తిరిగి కొనే షరతు మీద స్విట్జర్లాండు బ్యాంకుకు అమ్మింది. జులైలో రిజర్వ్ బ్యాంకు దాదాపు 47 టన్నులు విదేశాల్లో కుదువ పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చింది, తర్వాత విడిపించుకుంది. కాబట్టి ఆపదలో బంగారం ధర ఎంత అన్నది రెండో ప్రశ్న. దాన్ని చూపించి మర్నాడే అప్పు పుట్టించుకోవచ్చా అన్నదే మొదటి ప్రశ్న. మాస్టారి దగ్గర ఉన్న గోల్డ్ బాండ్లను కూడా బ్యాంకులో తాకట్టు పెట్టుకోవచ్చు. దీర్ఘకాల ప్రభుత్వ బాండ్ల కంటే నా ఓటు బంగారానికే.

బురుజు నీడ (కర్నూలు)

చిత్రావతి గారి మాటను కాదనను, కానీ బ్యాంకు కౌంటరుకు అవతలివైపు కూర్చున్నవాడిగా ఒక సవరణ చేస్తాను. కుదువ అన్నది అప్పు. ధర తగ్గితే ఆ అప్పే మీ మీదికి వస్తుంది. 2012 మార్చిలో రిజర్వ్ బ్యాంకు బంగారు రుణ కంపెనీలను విలువలో 60 శాతానికి మించి అప్పు ఇవ్వవద్దని కట్టడి చేసి, 2014 జనవరిలో దాన్ని 75కు పెంచింది. మధ్యలో 2013లో ప్రపంచ ధర పావు వంతుకు పైగా పడింది. ఎక్కువ అప్పు తీసుకున్నవాళ్లకు "ఇంకొంత కట్టండి, లేదా వేలం వేస్తాం" అన్న నోటీసులు వెళ్లాయి. మీ అమ్మగారు విలువలో సగానికే అప్పు తీసుకునేవారని నా ఊహ. అందువల్లే గాజులు తిరిగి వచ్చాయి.

మాస్టారికి పింఛను ఉందనుకుంటాను. పంట లేని రైతుకు అప్పు తప్పదు. నెలకు ఇంత అని ఖర్చు తెలిసిన మనిషి ఎందుకు అప్పు చేయాలి? రెండేళ్ల ఖర్చుకు సరిపడా డబ్బును ఏడాది, రెండేళ్ల డిపాజిట్లలో పెట్టుకుంటే, సంక్షోభం తొలి వారాల్లో ఆయన బంగారమూ అమ్మనక్కర్లేదు, బాండ్లూ అమ్మనక్కర్లేదు. డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకే కాబట్టి రెండు బ్యాంకుల్లో పెట్టడం మంచిది.

హంద్రీ నీరు (సొంతూరు పత్తికొండ, ఉంటున్నది బెంగళూరు)

మాస్టారి అబ్బాయి తరఫున ఒక మాట. సరుకుల ఎక్స్ఛేంజీ అయిన ఎంసీఎక్స్‌లో 2017 నుంచి బంగారంపై ఆప్షన్లు ఉన్నాయి. 100 గ్రాముల గోల్డ్ మినీ ఒప్పందంపై పుట్ ఆప్షన్ కొంటే ధర ఎంత పడినా ముందుగా అనుకున్న ధరకు అమ్మే హక్కు మీకుంటుంది. మాస్టారి బంగారం ఇంచుమించు 200 గ్రాములుంటుంది కాబట్టి అలాంటివి రెండు చాలు. పెద్ద సంస్థలు తమ పెట్టుబడిని కాపాడుకునేది ఇలాగే.

ఇంకో విషయం. 1980 జనవరిలో ఔన్సు 850 డాలర్లకు చేరిన బంగారం 1999 నాటికి 250 దగ్గరికి దిగింది. డాలర్లలో లెక్క చూసుకునేవాళ్లు ఇరవై ఏళ్లు నష్టంలో కూర్చున్నారు. మన దగ్గర అదే కాలంలో తులం సుమారు 1,300 నుంచి 4,200 దాకా పెరిగింది నిజమే కానీ, ఆ రోజుల్లో పది శాతం పైన వడ్డీ ఇచ్చిన బ్యాంకు డిపాజిట్ దాన్ని సునాయాసంగా దాటిపోయింది. బంగారం లక్ష దాటిన రోజుల్లో ఇది ఎవరికీ వినిపించడం లేదు.

తూకం లెక్కలు (ప్రొద్దుటూరు)

పుట్ ఆప్షన్ ప్రీమియం (ఆ హక్కు ఖరీదు) గడువు తీరిన ప్రతిసారీ మళ్లీ కట్టాలి కదా తమ్ముడూ. పైగా ఎంసీఎక్స్‌లో ఆ హక్కు వాడుకుంటే చేతికి డబ్బు రాదు, ఫ్యూచర్స్ ఒప్పందం (తర్వాతి తేదీకి అమ్మే ఒప్పందం) వస్తుంది, దానికి మార్జిన్ (హామీ సొమ్ము) కట్టాలి. మా బజారులో సరుకు పెట్టుకున్న పెద్ద వర్తకులకు అది పనికొస్తుంది. రిటైరైన లెక్చరరుకు ధర పడిందన్న బాధతో పాటు మార్జిన్ బాధ కూడా ఎందుకు? కానీ ఇరవై ఏళ్ల సంగతి నువ్వు సరిగ్గా చెప్పావు. 1990లలో మా ముసలి కంసాలి ఒకాయన తన కొడుకును ఈ పనిలో పెట్టనే లేదు.

పెన్న గట్టు (కడప)

అందరికీ కృతజ్ఞతలు. మీరు రాసినవి కాగితం మీద పెట్టి ఒక పూట కూర్చున్నాను. అడిగినప్పుడు నాకే తట్టని విషయం ఒకటి ఆ కాగితం మీద కనిపించింది. మొదట్లో మూడో వంతు ఉన్న బంగారం, నేను ఒక్క గ్రాము కూడా కొనకుండానే, ధర పెరగడం వల్ల మొత్తంలో సగానికి చేరింది. రెండు రకాల్లో పెట్టానని అనుకుంటూ ఉన్నాను గానీ, ఏడాదికేడాది నేను ఒకవైపే ఒరుగుతున్నాను.

ఈటీఎఫ్‌లో సగం అమ్మి రెండు బ్యాంకుల్లో డిపాజిట్లు వేస్తున్నాను. అమ్మినదాని లాభంపై పన్ను పడుతుంది, పడనివ్వండి. ప్రభుత్వ బాండ్లు గడువు దాకా ఉంచుతాను కాబట్టి మధ్యలో ధర ఎంత తగ్గినా చూడబోను. గోల్డ్ బాండ్ల విషయంలో మాత్రం అప్పు ఎందుకన్న కర్నూలు సార్ మాటను కాదని, చిత్రావతి గారి మాటే వింటున్నాను. విడుదలైనప్పుడు నేరుగా కొన్నవి కాబట్టి 2028 ఆగస్టులో గడువు తీరినప్పుడు వచ్చే లాభానికి పన్ను లేదు. అప్పటిదాకా ఆరు నెలలకోసారి 6,667 రూపాయల వడ్డీ ఖాతాలో పడుతూనే ఉంటుంది, అవసరమైతే కుదువకు పనికొస్తాయి.

చిక్కంతా డిబెంచర్లతోనే. ఎక్స్ఛేంజీలో అమ్మకానికి పెట్టి మూడు రోజులైంది. కొనేవాడు ఒక్కడే వచ్చి, అసలు కంటే ఆరు శాతం తక్కువకు అడిగాడు. బంగారం, బాండ్లు ఒకేసారి పడతాయా అని నేను మిమ్మల్ని అడిగాను, ఏ సంక్షోభమూ లేని మామూలు వారంలోనే ఇది అమ్ముడుపోవడం లేదు. అరవై వేలు వదులుకుని ఇప్పుడే బయటపడాలా, గడువు దాకా పద్నాలుగు నెలలు ఆగాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. ఇలాంటివి చిన్న మొత్తంలో అమ్మినవాళ్లు ఎవరైనా ఉంటే ఎంత తగ్గించి అమ్మారో రాయండి.