పామాయిల్ దిగుమతి సుంకం తగ్గించడం ఎవరికి మేలు?

దమ్మపేట రైతు:
2024 సెప్టెంబరులో కేంద్రం ముడి పామాయిల్ మీద దిగుమతి సుంకాన్ని అన్నీ కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది. కొద్ది నెలల్లో మా వైపు టన్ను ఆయిల్ పామ్ గెలల ధర 14 వేల చిల్లర నుంచి 20 వేలు దాటింది. ఆ ధర చూసి మా ఊళ్లో ఇద్దరు పత్తి మానేసి ఆయిల్ పామ్ మొక్కలు పెట్టారు. 2025 మే ఆఖరున అదే సుంకాన్ని 16.5కి దించేశారు. మొక్క పెట్టాక గెల చేతికి రావడానికి నాలుగేళ్లు పడుతుంది. తొమ్మిది నెలలు కూడా నిలవని సుంకాన్ని నమ్ముకుని ఈ పంట ఎట్లా వేయాలి? పత్తి అయితే ఇంట్లో పోసుకుంటాం, మిర్చి అయితే కోల్డ్ స్టోరేజీలో పెడతాం. గెల కోసిన 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి, లేకపోతే నూనె చెడుతుంది. ఆ నెల ధర ఎంతుంటే అంతకే ఇచ్చి రావాలి. అందుకే సుంకం తగ్గించొద్దు అంటున్నాను. మీరేమంటారు?

పునుగుల బండి, రాజమండ్రి:
అన్నా, మీ కష్టం కాదనను. నాది కూడా వినండి. నాకు రెండు రోజులకు 15 కిలోల డబ్బా ఒకటి అయిపోతుంది. సుంకం పెంచిన వారంలోనే షాపులో రేటు పెరిగింది. అది పాత సరుకే, నా కళ్ల ముందే పాత అట్టపెట్టెల్లోంచి తీసి ఇచ్చారు. ప్లేటు రేటు పెంచితే రోజూ వచ్చే ఆటోవాళ్లు ఆగిపోతారని భయం. ప్లేటుకి రెండు పునుగులు తగ్గించాను. ఒక పెద్దాయన లెక్కపెట్టి "ఏంటయ్యా, ఇవాళ తక్కువున్నాయి" అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు. సుంకం ఢిల్లీలో వేస్తారు, మాట నేను పడాలి.

డిగ్రీ లెక్చరర్, విశాఖ:
ఇద్దరి బాధా నిజమే. అందుకే ఒక ఉజ్జాయింపు లెక్క వేద్దాం. దిగుమతయ్యే ముడి పామాయిల్ టన్ను లక్ష రూపాయలు అనుకోండి. 27.5కీ 16.5కీ తేడా 11 శాతం, అంటే టన్నుకు 11 వేలు, కిలోకు 11 రూపాయలు. బండి తమ్ముడికి డబ్బాకు 165. సుమారు ఐదు టన్నుల గెలలకు ఒక టన్ను నూనె వస్తుంది కాబట్టి రైతుకు టన్ను గెలల మీద పోయేది 2 వేలకు అటూ ఇటూ.

ఇక దేశం మొత్తానికి చూడండి. 2023-24లో మనం బయటి దేశాల నుంచి కొన్న పామాయిల్ సుమారు 90 లక్షల టన్నులు. ఇక్కడ పండేది సుమారు 4 లక్షల టన్నులు, అదీ దాదాపు మొత్తం మన రెండు రాష్ట్రాల్లోనే. ఆ 11 శాతం ఉంచితే వంటింట్లో నుంచి ఖజానాకు పోయేది 9,900 కోట్లు. రైతు వైపు చేరేది మొత్తం కలిపినా 440 కోట్లు. ఒక చెట్టుకు నీళ్లు పెట్టడానికి చెరువు గండి కొట్టినట్టుంది ఇది. పైగా రేటు చూసి నూనె తగ్గించుకున్న ఇల్లాలి నష్టం రైతుకూ చేరదు, ఖజానాకూ చేరదు. డెడ్‌వెయిట్ లాస్ అని క్లాసులో చెప్పేది దీని గురించే. ఆ 440 కోట్లు రైతు ఖాతాలో నేరుగా వేస్తే సరిపోతుంది.

దమ్మపేట రైతు:
సార్, లెక్క బాగుంది. కానీ సుంకం డబ్బు మాకు గెల ధరలోనే కలిసి వస్తుంది. ఖాతాలో వేసేది ఫైలు కదిలితేనే వస్తుంది. 2021లో 11,040 కోట్లతో ఆయిల్ పామ్ మిషన్ పెట్టారు. అందులో మీరు చెప్పే పద్ధతే ఉంది: ముడి నూనె ఐదేళ్ల సగటు ధరను టోకు ధరల సూచీతో సవరించి, అందులో 14.3 శాతాన్ని గెల ధరగా తీసుకుంటారు. మార్కెట్ అంతకంటే పడితే తేడా ఇస్తారు. సగటు కింద ఉన్నప్పుడు ఆ హామీ కూడా కిందే ఉంటుంది కదా. ఎరువు, గెలలు కోసే కూలి మాత్రం సగటు చూసి పెరగవు.

ఆదిలాబాద్ సోయా:
2024లో సుంకం పెంచింది ప్రధానంగా మా సోయా రైతుల కోసమే. మద్దతు ధర క్వింటాలుకు 4,892 ఉంటే మార్కెట్‌లో అంతకు చాలా తక్కువ పలికింది. సుంకం పెరిగాక కూడా మద్దతు ధర అందలేదు. సోయాలో నూనె 18 శాతమే, మిగతా ఎక్కువ భాగం నూనె తీశాక మిగిలే చెక్క. కోళ్ల దాణాకు పోయే ఆ చెక్కకు గిరాకీ లేకపోతే నూనె మీద ఎంత సుంకం వేసినా గింజ లేవదు. సుంకంతోనే అన్నీ అయిపోతాయనుకునే వాళ్లు మా పంట చూడండి.

అనంతపురం వేరుశెనగ:
మా నాన్న కాలం సంగతి చెప్తా. 1990ల మొదట్లో వంటనూనెలో దేశం దాదాపు సొంత కాళ్ల మీద నిలబడింది. 1994లో 65 శాతం సుంకంతో పామోలిన్‌కు తలుపు తీశారు. 1998 నాటికి 15 శాతం చేశారు. ఆ తర్వాత వేరుశెనగ నూనె పేదింట్లో పండగ నూనె అయిపోయింది. కరువు కూడా తోడైంది, అబద్ధం చెప్పను. కానీ చవక నూనె అలవాటయ్యాక సొంత గింజ మళ్లీ రావడం ఎంత కష్టమో ముప్పై ఏళ్లుగా చూస్తున్నాం. 2022లో ఇండోనేషియా మూడు వారాలకు పైగా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. అప్పటికే మన సుంకం 5.5. అయినా చవక నూనె దొరికిందా? లెక్చరర్ గారూ, ఆ టెన్షన్ మీ లెక్కలో ఏ గడిలో వస్తుంది?

డిగ్రీ లెక్చరర్, విశాఖ:
రాదు, ఒప్పుకుంటాను. ఇంకొకటి కూడా నాకు వ్యతిరేకంగా నేనే చెప్పాలి. పామాయిల్ దిగుమతిలో ప్రపంచంలో మనమే ముందున్నాం. అంత పెద్ద కొనుగోలుదారు సుంకం పెంచితే అమ్మేవాడు ధర కొంత దిగుతాడు, తగ్గిస్తే కొంత ఎక్కుతాడు. అంటే తగ్గింపులో కొంత మన ఇంటికి కాక ఇండోనేషియా, మలేషియాలకు పోతుంది. అయినా నా మాట మార్చను. అనంతపురం భయానికి మందు గింజ ధరకు గ్యారెంటీ, గోదాములో నిల్వ. నూనె డబ్బా మీద పన్ను కాదు.

కాకినాడ రిఫైనరీ హెల్పర్:
2025లో ముడి నూనెకే తగ్గించారు, శుద్ధి చేసిన దానికి 35.75 అలాగే ఉంచారు. మధ్య తేడా 8.25 నుంచి 19.25 అయింది. బయట శుద్ధి చేసిన నూనె దిగకపోతేనే మాకు షిఫ్టులు. ఇది కూడా లెక్కలో వేసుకోండి.

పునుగుల బండి, రాజమండ్రి:
లెక్చరర్ గారు చెప్పినట్టు రైతన్నకి నేరుగా ఇస్తే నాకు అభ్యంతరం లేదండి. నా పన్నులోంచి ఇచ్చినా సరే.

దమ్మపేట రైతు:
తమ్ముడూ, ఆ మాటకు సంతోషం. నేనూ ఒక మెట్టు దిగుతాను. 27.5 అని పట్టుబట్టను. 16.5 అయినా సరే, ఇంకో నాలుగేళ్లు మార్చబోమని రాసివ్వండి, గెల ధర ఇంతకు దిగితే తేడా మరుసటి నెలలోనే పడుతుందని రాసివ్వండి. మా పక్క చేలో ఆ ఇద్దరి మొక్కలు ఇప్పుడు మోకాలెత్తున ఉన్నాయి. పీకేయాలా ఉంచాలా అని నన్ను అడుగుతున్నారు.