బోరు మోటార్ పావుగంటకు ట్రిప్ అయితుంది, పైకి గుంజాల్నా?

బత్తాయి రైతు, దేవరకొండ
అన్నలూ జర చెప్పుండ్రి. 5 హెచ్‌పీ సబ్‌మర్సిబుల్, మూడు ఫేజులది, 300 ఫీట్ల లోతుల ఉంది. స్టార్టర్ ఒత్తితే మంచిగనే లేస్తది, నీళ్లు ఫుల్లు పోస్తది, పావుగంట అయినంక స్టార్టర్‌ల రిలే (ఆంప్స్ ఎక్కువైతే మోటార్‌ను బంద్ చేసేది) కొట్టేస్తది, చల్లారినంక మళ్ల నడుస్తది. టాంగ్ టెస్టర్ (వైరుకు పట్టిచ్చి ఆంప్స్ చూసే మీటర్) పెడితే మూడు ఫేజులల్ల ఆర్ మీద 11.6, వై మీద 9.7, బి మీద 8.6 ఆంప్స్ చూపిస్తుంది. మోటార్ బంద్ ఉన్నప్పుడు వోల్టేజ్ మూడిట్ల 410 పైననే, సమానం ఉంది. మెకానిక్ వచ్చి వైండింగ్ వీకయింది గుంజాలె అంటుండు, అప్పటిదాక నడవనీ అని రిలేను 10 ఆంప్స్ నుంచి 13కు పెట్టి పోయిండు. తోటల కాయ మీదుంది, నీళ్లు ఆగితే రాలుతది.

అచ్చంపేట నుంచి
ఇసుక వస్తుందా చూడు అన్నా. మాకు బుష్షులు అరిగి పంపు పట్టేసినప్పుడు గిట్లనే ట్రిప్ అయింది. కానీ అప్పుడు మూడు ఫేజులల్ల ఆంప్స్ కలిసి పెరిగినయి, నీది ఒక్కదాంట్లనే ఎక్కువుంది, నీళ్లు కూడ తగ్గలే అంటున్నవ్, కాబట్టి లోపల జామ్ అయినట్టు అనిపిస్తలేదు.

మోటార్ పని, కల్వకుర్తి
అప్పుడే గుంజకు. మెయిన్ బంద్ చేసి స్టార్టర్ నుంచి మోటార్‌కు పోయే మూడు వైర్లను ఒక్కో జాగ ముందుకు జరుపు, మూడూ జరపాలె, రెండే మార్చినవంటే మోటార్ ఉల్టా తిరుగుతది. మళ్ల ఆంప్స్ చూడు. ఎక్కువ ఆంప్స్ వైరుతో పాటు జరిగితే మోటార్లనో, కేబుల్ జాయింట్లనో తప్పు. ఆర్ మీదనే నిలబడితే కరెంట్ వచ్చే దిక్కు తప్పు, మోటార్ మంచిదే.

ఇంకోటి, వోల్టేజ్ మోటార్ నడుస్తుంటేనే చూడాలె. లూజ్ జాయింట్ ఉంటే లోడ్ లేనప్పుడు వోల్టేజ్ మంచిగనే చూపిస్తది, లోడ్ పడంగనే పడిపోతది. వోల్టేజ్‌ల 3 శాతం తేడా ఉన్నా ఆంప్స్‌ల 20 శాతం దాక తేడా వస్తది.

బత్తాయి రైతు, దేవరకొండ
జరిపి చూసిన అన్నా, ఎక్కువ ఆంప్స్ ఆర్ మీదనే ఉంది. నడుస్తుంటే స్టార్టర్‌కు వచ్చే వైర్ల మీద ఆర్-వై 398, వై-బి 381, బి-ఆర్ 383. అంటే ఆర్ లైన్‌ల తప్పున్నట్టేనా?

మోటార్ పని, కల్వకుర్తి
కాదు, బి లైన్‌ల. తగ్గిన రెండిట్లనూ బి ఉంది చూడు. లూజున్న ఫేజు వోల్టేజ్ పడితే దాంట్ల ఆంప్స్ తగ్గుతయి, ఆ భారం పక్క ఫేజు మీద పడ్తది, అందుకే చానమంది ఆంప్స్ ఎక్కువున్న వైరునే పట్టుకొని తప్పు జాగల వెతుకుతరు. స్టార్టర్ నుంచి పోల్ దాక బి వైరు చూడు, అల్యూమినియం సర్వీస్ వైరు పోల్ మీద చుట్టిన కాడ నల్లగ మాడి ఉంటది, చీకటైనంక మోటార్ నడుస్తుంటే నిప్పురవ్వలు కనపడ్తయి. కింది నుంచే చూడు అన్నా, పోల్ ఎక్కకు, ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫీజు (ఫ్యూజు) ముట్టకు, లైన్‌మన్ ఎల్సీ (లైన్ బంద్ చేయించే పర్మిషన్) తీసుకొని చేస్తడు. గా ఫీజులు మనమే వేసుకుంటమని పోయి ఎందరో రైతులు పాణాలు పోగొట్టుకుంటుండ్రు.

బత్తాయి రైతు, దేవరకొండ
పోల్ మీదనే అన్నా, బి జంపర్ (లైన్‌కు కలిపే వైరు ముక్క) సగం తెగి మాడిపోయింది. లైన్‌మన్ కోసి కొత్తగ బిగించిండు. ఇప్పుడు 9.3, 9.5, 9.2. పొద్దటి నుంచి నడుస్తనే ఉంది.

మోటార్ పని, కల్వకుర్తి
మంచిగయింది. ఇయ్యాలనే రిలే వెనక్కి తెచ్చి మోటార్ ప్లేట్ మీద రాసిన ఆంప్స్‌కు పెట్టు. 13 మీద ఉంటే రేపు ఒక ఫేజు పోయినా రిలే టైంకు కొట్టదు, వైండింగ్ కాలుతది.