కొమ్ము రాచిన దుప్పా, రాల్చిన దుప్పా?

వేళచ్చేరి వాసి: నిన్న పొద్దున మద్రాసు ఐఐటీ క్యాంపస్‌లో నడుస్తుంటే రెండు మగ దుప్పులు ఎదురుపడ్డాయి. చాలాసేపు మెడలు బిగించి, ఓరకంట చూసుకుంటూ పక్కపక్కనే నడిచాయి. ఉన్నట్టుండి తలలు వంచి కొమ్ములు కలిపాయి. వెదురు గడలు కొట్టుకున్నట్టు టకటకమని చప్పుడు. ఒకదాని కొమ్ముకు ఎండిన తోలు పీలిక ఇంకా వేలాడుతూనే ఉంది. అప్పట్నుంచి మా అమ్మమ్మ మాట చెవిలో తిరుగుతోంది. మాది నల్లమల పక్కన ఆత్మకూరు. తమ్ముడు అలిగి కూర్చుంటే అనేది: "కొమ్ము రా–న దుప్పికి కోపం మెండు." ఆ మధ్యది "రాచిన"నా, "రాల్చిన"నా?

పాతమాట: రాచిన. సందేహమే లేదు. కొత్త కొమ్ము మెత్తటి నూగుతోలు కప్పుకుని పెరుగుతుంది. గట్టిపడ్డాక ఆ తోలు ఎండితే చెట్టుకేసి రాచి వదిలించుకుంటుంది. మదమెక్కి పోట్లాటలకు దిగేది అప్పుడే. మీరు చూసిన పీలిక అదే. మీ అమ్మమ్మ గారు అడవి తెలిసిన మనిషి.

అడయారు అక్క: నాకు రాల్చిన అనే అనిపిస్తోంది. కొమ్ము రాలిపోయింది, బలం పోయింది, కోపం మాత్రం మిగిలింది. అలిగిన పిల్లాడికి సరిగ్గా సరిపోయే మాట. రాచిన అంటే మెచ్చుకోలవుతుంది కదా?

పాతమాట: అక్కా, కొమ్ము రాలిన మగదానికి కోపమెక్కడిది? మదం తగ్గితేనే కొమ్ము రాలేది. ఆ రోజుల్లో అది గొడవలకు పోదు.

అడయారు అక్క: అసలు పోదని కాదు. కొమ్ములు లేనప్పుడు, నూగుతోలు ఉన్నప్పుడు వెనక్కాళ్ళ మీద లేచి ముంగాళ్ళతో కొట్టుకుంటాయి. పైగా మన దుప్పులన్నీ ఒకేసారి కొమ్ములు రాల్చవు. ఇక్కడి గిండీ పార్కులో ఒకే మందలో నూగుకొమ్ముదీ గట్టికొమ్ముదీ మోడుతలదీ కనిపిస్తాయి. మూడు చదరపు కిలోమీటర్లు కూడా లేని అడవి, రోజూ చూస్తున్నాను.

బండిఱ: అసలు అది దుప్పేనా? ఇఱ్ఱి కావచ్చు. ఇఱ్ఱి అంటే కృష్ణజింక, బండి ఱతో రాయాలి. గిండీలో అదీ ఉంది. దాని మెలికల కొమ్ము జన్మకు రాలదు. మూలంలో ఇఱ్ఱి ఉంటే "రాల్చిన" అక్కడికక్కడే కొట్టుకుపోతుంది.

పాతమాట: ఇఱ్ఱికి నూగుతోలు కూడా ఉండదండీ, మరి దేన్ని రాస్తుంది? పైగా "రాచిన ఇఱ్ఱి" అంటే రాచిన చివరి అకారం పోయి "రాచినిఱ్ఱి" అవుతుంది. పలికి చూడండి, నాలుక తిరగదు. దుప్పే.

చెన్నపురి: రాచు పాత మాటే. రాచి రంపాన పెట్టడంలో ఉన్నది అదే. తమిళంలో ఉరసు అంటారు, మనకు ఒరసు ఉంది, ఒడ్డును ఒరసుకుంటూ ఏరు పారుతుంది. బ్రౌను నిఘంటువులో రాచు, రాల్చు రెండూ దొరుకుతాయి. 1852లో అది అచ్చయింది ఈ మద్రాసులోనే.

బండిఱ: నిఘంటువు అర్థమే చెబుతుంది, అమ్మమ్మ నోరు చెప్పదు. వేగంగా పలికితే రాల్చినలో ల్ నలిగిపోయి "రాచ్చిన" అని వినిపిస్తుంది. చిన్నపిల్లల చెవికి రెండూ ఒకటే.

చెన్నపురి: జింక అనగానే పోతన గుర్తొస్తాడు. జడభరతుడి కథలో లేడిపిల్ల మీద ఆ మమకారం! రాజ్యం వదిలినవాడు దాన్ని వదల్లేక మరుజన్మలో జింకై పుట్టాడు. ఎప్పుడు చదివినా గొంతు పట్టేస్తుంది.

పాతమాట: ఆ కథ భాగవతం పంచమ స్కంధం, పోతన రాసింది కాదు, గంగన అనే కవి రాసింది. పోతన పోరు చూడాలంటే గజేంద్రమోక్షానికి వెళ్ళండి. కరీ మకరీ ఒకదాన్నొకటి లాగే పద్యంలో "కరకరి" అన్న మాటుంది. పగ, పంతం రెండూ అందులోనే. కొమ్ములు కలిపి అది ఇటు నెడితే ఇది అటు నెట్టే దుప్పులకు అంతకన్నా మంచి మాట లేదు.

చెన్నపురి: గంగనదే, ఒప్పుకుంటున్నాను. కానీ కరకరిలో పగకన్నా పంతమే ఎక్కువ. పగైతే చంపుకుంటాయి. దుప్పులు చాలాసార్లు ఒకటి వెనక్కి తగ్గగానే ఆగిపోతాయి.

పాతమాట: మొసలి ఆగిందా? ఆ పద్యంలో పగే.

అడయారు అక్క: వేళచ్చేరి తమ్ముడూ, ఇంట్లో ఇంకెవరికైనా గుర్తుందేమో అడగరాదూ?

వేళచ్చేరి వాసి: ఇప్పుడే ఆత్మకూరులో మా పిన్నికి ఫోన్ చేశాను. రెండూ కాదంటోంది. "కొమ్ము రాని దుప్పికి కోపం మెండు" అట. ఇంకా కొమ్మే మొలవలేదు, అప్పుడే అంత కోపమా అని తమ్ముణ్ణి అనేదట.

అడయారు అక్క: ఎంత బాగుంది! తమ్ముడికి అప్పుడెన్నేళ్ళు?

వేళచ్చేరి వాసి: నాలుగో ఐదో.

బండిఱ: అయితే అదే.

పాతమాట: పిన్నిగారి మాట కాదనను. కానీ మీరు మొదట రాసినప్పుడు చ ఉన్న రెండు మాటలే ఎందుకు తోచాయి? రాని అయితే మీ చెవిలో ఆ చ ఎక్కణ్ణుంచి వచ్చింది?

వేళచ్చేరి వాసి: అదే నాకూ అంతుపట్టడం లేదు. చ మాత్రం విన్నాను.