‘సెటిల్డ్ లా’కి తెలుగేది?

అమెరికా సుప్రీంకోర్టు వార్తల్లో ‘సెటిల్డ్ లా’ (కోర్టు ఇదివరకే తేల్చేసిన న్యాయసూత్రం) కనబడగానే మనవాళ్లు ‘స్థిరపడిన చట్టం’ అని రాసేస్తున్నారు. గర్భస్రావ హక్కు ఇచ్చిన 1973 నాటి రో తీర్పు గురించి, ఆ కోర్టు జడ్జి పదవికి సెనేట్ ఆమోదం కోసం చూస్తున్న బ్రెట్ కవనా 2018 ఆగస్టులో తనతో ఈ మాటే అన్నారని సెనేటర్ సూసన్ కాలిన్స్ విలేకరులకు చెప్పారు. ఆవిడ మెయిన్ రాష్ట్రపు రిపబ్లికన్. ఆ తీర్పంటే పడనివాళ్లు జడ్జిగా తనకు సమ్మతం కాదని ముందే చెప్పేశారు కూడా. ఇంత బరువున్న మాటకి ఈ తెలుగు సరిపోతుందా?

— చాలదండీ. రో చట్టం కాదు, తీర్పు. చట్టసభ చేస్తేనే చట్టం.

— ‘చట్టం’ సంగతి సరే, అసలు చిక్కు ‘స్థిరపడిన’తో. హైదరాబాదులో స్థిరపడ్డారంటే ఇక కదలరనే కదా మనకు అర్థం! కోర్టు భాషలో అంత భరోసా ఎక్కడిది? కవనా వైట్‌హౌస్ లాయరుగా 2003లో రాసిన ఈమెయిల్ ఒకటి ఆయన నియామకం మీద సెనేట్ విచారణ సమయంలో బయటికొచ్చింది. న్యాయపండితులందరూ రోను సెటిల్డ్ లా అంటారో లేదో, కోర్టు తన పాత తీర్పును ఎప్పుడైనా తోసిపుచ్చగలదు కదా అని దాని సారాంశం. విచారణలోనూ ఆయన ఆచితూచే మాట్లాడారు: అది సుప్రీంకోర్టు పూర్వ తీర్పుగా స్థిరపడింది, దానికి గౌరవం ఇవ్వాలి అన్నారు. ‘తిరగదోడను’ అనలేదు. కాలిన్స్ బెంగేమో రేపటి గురించి, ఈయన జవాబేమో ఇవాళ్టి గురించి. తెలుగులో ‘తిరగదోడతారా, తిరగదోడరా’ అని అడిగితే తప్పించుకునే సందు తక్కువ. అయినా రాబోయే కేసుల మీద ముందే మాటివ్వకపోవడం అక్కడ జడ్జి పదవికి ప్రతిపాదించినవాళ్లకు మామూలే లెండి.

— కాలిన్స్ కవనాకే ఓటేశారు, సెనేట్‌లో 50-48తో ఆయన గట్టెక్కారు. 2022 జూన్ 24న డాబ్స్ కేసులో రోను కొట్టేసినవాళ్లలో కవనా ఒకరు. తనతో అన్నదానికీ ఈ తీర్పుకీ పొంతన లేదని ఆవిడ మండిపడ్డారు.

— మన కోర్టుల్లోనూ లాయర్లు ఈ మాట తెగ వాడతారు. అలాగని మన సుప్రీంకోర్టు పాతవాటిని ముట్టుకోదని కాదు. గోప్యత హక్కు మీద 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు 1954, 1962 నాటి తీర్పుల్లో దానికి అడ్డొచ్చిన భాగాలను పక్కనపెట్టారు. అందుకే నా ఓటు ‘ఇప్పటికి నిలిచిన తీర్పు’కి.

— అర్థానికి బాగుంది. కానీ డెస్కులో ఇస్తే ‘ఇప్పటికి’ కొట్టేస్తారు, హెడ్డింగులో పట్టదని.