నక్షత్రాన్ని కృష్ణబిలం ‘మింగింది’ అనొచ్చా?

ఎక్కడ చూసినా ఇదే హెడ్డింగు: ‘నక్షత్రాన్ని మింగేసిన కృష్ణబిలం’. అసలు ఇక్కడ క్రియే తప్పని నా బాధ. మింగడమంటే నమలకుండా, మాత్ర వేసుకున్నట్టు, ఉన్నదున్నట్టు గొంతు దించడం. రాహువు మింగిన సూర్యుడు చెక్కుచెదరకుండా బయటికొస్తాడు కాబట్టి అక్కడ ఆ మాట అతికింది. ఇక్కడ అలా కాదు. కృష్ణబిలానికి దగ్గరున్న వైపు లాగుడు ఎక్కువ, అవతలి వైపు తక్కువ, ఆ తేడా నక్షత్రాన్ని ముద్దగా పట్టి ఉంచే బలాన్ని మించిపోయిందంటే అది సాగి సాగి పీలికలైపోతుంది. ఆ పీలికల్లోనూ సుమారు సగమే వెనక్కొచ్చి బిలం చుట్టూ తిరుగుతూ వేడెక్కి వెలుగుతుంది, మిగతా సగం తప్పించుకు పోతుందని 1988లోనే బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త మార్టిన్ రీస్ లెక్కగట్టారు. సగం చేజారిపోయినదాన్ని మింగడం అంటామా?

2019లో ఎరిడానస్ అనే నక్షత్రరాశి వైపు, 21.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో కనిపించిన ఏటీ2019క్యూఐజెడ్ అనే మెరుపు ఇలాంటిదే. సూర్యుడంత నక్షత్రం, దాదాపు 10 లక్షల సూర్యుల బరువున్న బిలం.

> మరి నిజంగా మింగేవి లేవా అండీ?

ఉన్నాయండీ, మంచి ప్రశ్న. బిలం బరువు సుమారు 10 కోట్ల సూర్యులు దాటితే సూర్యుడిలాంటి నక్షత్రం చీలేలోపే, వెలుతురు కూడా వెనక్కి రాలేని హద్దు దాటి లోపలికెళ్ళిపోతుంది, మెరుపూ ఉండదు. అంటే వెలుగు కనబడింది అని వార్త రాశారంటేనే అది మింగుడు కాదన్నమాట!

> నక్షత్రం ఇలా సాగి పీలికలవడాన్ని ఇంగ్లీషులో స్పగెటిఫికేషన్ అంటారు కదా, దానికి ‘నూడులీకరణ’ ఎలా ఉంది అన్నా?

వద్దు తమ్ముడూ, సేమ్యా ఉండగా నూడుల్స్ ఎందుకు? మా అమ్మమ్మ పిండిముద్దని వేళ్ళ మధ్య నలుపుతూ లాగేది, పొడవు పెరిగేకొద్దీ సన్నబడి దారమయ్యేది, ఆ దారాల్ని నులకమంచం మీద ఆరేసేది. నక్షత్రానికి జరిగేదీ అదే, ఒకవైపు సాగుతూ పక్కలనుంచి నొక్కుకుపోవడం. ‘సేమ్యా అయిపోయింది’ అంటే పిల్లలకి కూడా బొమ్మ కళ్ళముందు కడుతుంది.

ఇక నక్షత్రం ఇలా చీలిపోయే ఈ మొత్తం ఘటనకి ఇంగ్లీషు పేరు టైడల్ డిస్రప్షన్, దానికి నా మాట ‘పోటుచీలిక’. సముద్రానికి పోటు తెచ్చే చంద్రుడి లాగుడూ ఈ లాగుడూ ఒకటే రకం, పైగా కత్తిపోటులోనూ పోటే ఉంది. ‘వేలాతరంగ విచ్ఛేదన ఘటన’ లాంటివి మాత్రం దయచేసి వద్దు. ఇంతకంటే మంచి మాట తట్టినవాళ్ళు కింద రాయండి.