సమస్య: తలుపు తెరిచియుండె తాళముండె

బ్రాడీపేట మాస్టారు: ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం పైన ఇచ్చాను, మొదటి మూడూ మీరు పూరించాలి. పోయినసారి అందరూ దుర్గమ్మ గుడి మెట్లే ఎక్కేశారు, అందుకని ఈసారి వస్తువు కూడా నేనే ఇస్తున్నా: డేటాబేస్‌లో టేబుల్ (పట్టిక) మొత్తం కాకుండా కాలమ్‌ల (నిలువు వరుసల) వారీగా పర్మిషన్లు ఇవ్వడం. నవ్వకండి, మనలో సగం మంది కూడు తినేది దాని మీదే. కాలమ్‌ని 'గడి' అన్నా ఒప్పుకుంటా.

కృష్ణలంక:
పేరు చూడవచ్చు ఊరు చూడగవచ్చు
జీతమున్న గడికి చేయి పోదు
పట్టికొకటె గాని పనికొక్క హద్దాయె
తలుపు తెరిచియుండె తాళముండె

గ్రాంట్ సెలెక్ట్ (చదివే అనుమతి ఇచ్చే ఆజ్ఞ) రాసి బ్రాకెట్లో పేరు, ఊరు అని రెండే కాలమ్‌లు పెడితే, జీతం అడిగినవాడికి ఎర్రరే.

బ్రాడీపేట మాస్టారు: గణాలు కుదిరాయి, పేరు–ఊరు ప్రాసయతి (రెండో అక్షరం కలవడం) బాగుంది. కానీ 'వచ్చు' పక్కన 'ఊరు' పడితే ఉత్వసంధి జరిగి 'వచ్చూరు' అవుతుంది, గణం చెడుతుంది, విడగొట్టి రాస్తే విసంధి (సంధి చేయని దోషం). ఊరూ పేరూ తారుమారు చెయ్, సరిపోతుంది. «ఊరు చూడవచ్చు పేరు చూడగవచ్చు». అసలు పేచీ భావంలో ఉంది నాయనా. నీ పద్యంలో తెరిచిన తలుపు ఒకటి, తాళం పడ్డది ఇంకొకటి. సమస్య అడిగేది ఒకే తలుపు సంగతి.

పటమట: పైగా ఒరాకిల్ డేటాబేస్‌లో ఇది చెల్లదు. అక్కడ కాలమ్ మీద ఇన్సర్ట్ (చేర్చడం), అప్‌డేట్ (మార్చడం), రిఫరెన్సెస్ (వేరే టేబుల్ నుంచి దీనికి ముడిపెట్టడం) ఇవ్వగలం గానీ సెలెక్ట్ ఇవ్వలేం, ఆ గడుల వరకూ వ్యూ (ఆ గడులే కనబడే కిటికీ లాంటిది) కట్టుకోవాలి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో కుదురుతుంది, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 2009లో వచ్చిన 8.4 వెర్షన్ నుంచీ ఉంది.

అరండల్‌పేట: ఒకే తలుపు కావాలంటే నా బాధ వినండి. మిర్చి కోల్డ్ స్టోరేజీ ఒకదానికి చేశాను, రైతు పేరు, ఊరు, లాట్ నంబరు, టిక్కీలు (మిర్చి బస్తాలు), బ్యాంకు ఖాతా అన్నీ ఒకే టేబుల్. గేటు గుమాస్తా లాగిన్‌కి తొందరలో టేబుల్ మొత్తానికి సెలెక్ట్ ఇచ్చేసి, తర్వాత గుర్తొచ్చి ఖాతా కాలమ్ మీద రివోక్ (ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోవడం) కొట్టాను. ఎర్రర్ రాలేదు, హమ్మయ్య అనుకున్నా. నెల తర్వాత చూస్తే ఖాతా నంబర్లన్నీ గుమాస్తా స్క్రీన్ మీదే ఉన్నాయి.

పట్టికంత మునుపె పంచిపెట్టిన వేళ
గొళ్ళెమొక్క గడికి గురుతె గాని
దారికడ్డు గాదు దర్జాగ వచ్చిరి
తలుపు తెరిచియుండె తాళముండె

బ్రాడీపేట మాస్టారు: ఇదీ పూరణ! పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ మీద ఇచ్చింది టేబుల్ మీదే తీసెయ్యాలి, కాలమ్ మీద రివోక్ దాని జోలికే పోదు. తెరిచిన తలుపుకి తాళం వేలాడుతోందంటే సరిగ్గా అదే. 'దర్జాగ' ఛాందసులకు నచ్చదేమో, నాకు మాత్రం ఆ గుమాస్తా కళ్ళ ముందు కనబడ్డాడు.

కృష్ణలంక: అన్నా, మరి టేబుల్ మీదది తీసేసి కాలమ్‌లు ఇచ్చాక పాత రిపోర్టులు పగల్లేదా?

పటమట: సెలెక్ట్ స్టార్ (అన్ని కాలమ్‌లూ ఇమ్మనడం) రాసినవన్నీ పగులుతాయి. పైగా వచ్చే ఎర్రర్ 'పర్మిషన్ డినైడ్ ఫర్ టేబుల్' అంటుందే తప్ప ఏ కాలమో చెప్పదు, జుట్టు పీక్కోవాలి. దాని మీదే నాదొకటి:

చుక్క పెట్టి యడుగ సున్న చేతికి వచ్చె
పేరు పెట్టి యడుగ ప్రీతి నిచ్చె
దారి తెలియు వాని దరికి రమ్మని పిల్చి
తలుపు తెరిచియుండె తాళముండె

బ్రాడీపేట మాస్టారు: చుక్కకి సున్న యతి కుదిరింది, భావం కూడా కుదిరింది, స్టార్‌ని చుక్క అనడం మరీ బాగుంది. మూడో పాదం మాత్రం ఖాళీ నింపడానికి తెచ్చినట్టుంది, తలుపే పిలిచినట్టు అన్వయం తిరగబడింది కూడా. మార్చి పెట్టమ్మా.

పటమట: నాకూ అక్కడే అనుమానం మాస్టారూ. రేపు పెడతా.

అరండల్‌పేట: అక్కా, ఒక్క నిమిషం. రాత్రి టేబుల్ మీదది రివోక్ చేసి, పేరు, ఊరు, టిక్కీలకి సెలెక్ట్ ఇచ్చా, టిక్కీలకి అప్‌డేట్ కూడా ఇచ్చా. పొద్దున్నే గుమాస్తా ఫోను, టిక్కీలు మార్చనివ్వట్లేదంట.

పటమట: వేర్‌లో, అంటే ఏ వరుస మార్చాలో చెప్పే చోట, ఏం రాశావ్?

అరండల్‌పేట: లాట్ నంబరు.

పటమట: దానికి సెలెక్ట్ ఏదీ? చదవడానికి లేని గడితో వేర్‌లో ఎలా పోలుస్తావ్ తమ్ముడూ?

అరండల్‌పేట: ఇప్పుడే ఇస్తున్నా.