బ్యాడ్మింటన్ ల్యాండింగ్ మీద పీహెచ్‌డీ: 20 మంది సరిపోతారా?

తార్నాక_ఎంపీటీ:
స్పోర్ట్స్ ఫిజియోలో ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) చివరి ఏడాది. బయోమెకానిక్స్‌లో (శరీర కదలికల్లోని బలాల శాస్త్రం) పీహెచ్‌డీ చేసి, పరిశోధన, బోధన వైపు వెళ్లాలని ఉంది. గచ్చిబౌలి అకాడమీల్లో 20 మంది అమ్మాయిల ల్యాండింగ్ (ఎగిరి నేల మీద దిగే తీరు) కొలిచి, ఎవరికి ఏసీఎల్ (మోకాలి లోపలి ఒక లిగమెంట్) తెగే ప్రమాదముందో ముందే చెప్పే పరీక్ష తయారు చేయొచ్చా? లెక్కలు ఎంత రావాలి?

మోకాలి_లెక్క:
20 మందితో జోస్యం కుదరదండీ. లెక్కలోకి వచ్చేది ఎంతమందిని కొలిచామన్నది కాదు, ఎన్ని గాయాలయ్యాయన్నది. 2005లో హ్యూవెట్ బృందం 205 మంది అమ్మాయిలను కొలిస్తే తెగినవి 9. మోకాలి అబ్డక్షన్ మొమెంట్‌తో (మోకాలిని లోపలి వైపు వాల్చే తిప్పుడు బలం) గాయాన్ని ముందే పసిగట్టవచ్చని వాళ్లు తేల్చారు. 2016లో క్రాస్‌హౌగ్ బృందం నార్వేలో 710 మందిని చూస్తే, 42 గాయాలున్నా ఆ సంబంధమే కనబడలేదు.

ప్రశ్న మార్చండి. కుడిచేతి ఆటగాళ్లు బ్యాక్‌హ్యాండ్ వైపు వెనక మూలలో ఓవర్‌హెడ్ కొట్టి ఎడమ కాలి మీద దిగుతారు. బ్యాడ్మింటన్‌లో ఏసీఎల్ తెగే ముఖ్య సందర్భం ఇదే. అప్పుడు నడుము పైభాగం ఎంత వాలితే మోకాలి మీద భారం ఎంత పెరుగుతుంది? ఒకే అమ్మాయి వేర్వేరు ల్యాండింగ్‌లను పోల్చే ఈ పనికి 20 మంది సరిపోవచ్చు. ముందు పవర్ లెక్క (తేడా ఉంటే పట్టుకోవడానికి ఎంతమంది కావాలన్న లెక్క) కట్టి చూసుకోండి.

ల్యాబ్_గచ్చు:
కొలతల సంగతి. ఫోర్స్ ప్లేట్ (పాదం నేలను నొక్కే బలం కొలిచే పలక) 1000 హెర్ట్జ్, అంటే సెకనుకు 1000 కొలతలు; కెమెరాలు కనీసం 200 హెర్ట్జ్. థీసిస్ దెబ్బతినేది ఫిల్టర్ (కొలతల్లోని వేగమైన ఊగిసలాటను తీసేసే లెక్క) దగ్గర. మార్కర్లకు (కెమెరాలు చూసేందుకు ఒంటికి అంటించే గుర్తులు) కటాఫ్, అంటే ఫిల్టర్ కోసే హద్దు, 12 హెర్ట్జ్, ఫోర్స్‌కు 50 హెర్ట్జ్ పెడితే పాదం తాకిన తొలి క్షణాల్లో మోకాలి మొమెంట్‌లో లేని శిఖరం పుడుతుంది: తాకిడి బలం అలాగే ఉంటుంది, దానికి తగ్గ త్వరణం మాత్రం ఫిల్టర్‌లో కొట్టుకుపోతుంది. రెండింటికీ ఒకే కటాఫ్ పెట్టండి.

ప్లేట్ మీద కోర్టు మ్యాట్ గట్టిగా అంటించాలి, అంచు పక్క నేలను తాకకూడదు. "ప్లేట్ మీద దిగు" అని చెప్పొద్దు, చెబితే అడుగు కుదించుకుంటారు. మొదలుపెట్టే చోటును మీరే జరపండి. మార్కర్లు ప్రతిసారీ ఒక్కరే అంటించాలి. ముందు 10 మందిని రెండు వేర్వేరు రోజుల్లో కొలిచి కొలత దోషం తేల్చండి. మీరు వెతికే తేడా దానికన్నా చిన్నదైతే ఆ కొలత వదిలేయండి.

కంది_రోడ్డు:
లెక్కల్లో వెక్టర్లు, మాత్రికలు, అవకలనం, ఫ్రీ బాడీ డయాగ్రమ్ (ఒక వస్తువు మీద పనిచేసే బలాల బొమ్మ) గట్టిగా రావాలి. పైథాన్ తప్పదు. కదలికలను కంప్యూటర్‌లో లెక్కగట్టే ఓపెన్‌సిమ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ఫిజియో గైడ్‌తో పాటు ఇంజినీరింగ్ కో-గైడ్‌ను వెతకండి; కందిలో ఐఐటీ హైదరాబాద్ బయోమెడికల్ శాఖ ఉంది. చేరేముందే ల్యాబ్‌లో ప్లేట్ పనిచేస్తోందో, మీకు వారానికి ఎన్ని గంటలు ఇస్తారో అడగండి. 18 ఏళ్లలోపు అమ్మాయిలైతే తల్లిదండ్రుల సంతకం, వాళ్ల సొంత ఒప్పుకోలు రెండూ కావాలి. తర్వాత శిక్షణ ఇచ్చి ఫలితం చూసే దశకు వెళ్తే, మొదటి అమ్మాయిని చేర్చుకోకముందే సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు అయిపోవాలి.